హాస్టల్ వైఫైకి పైరసీ నోటీసు, బాధ్యత ఎవరిది?

మీరు నడిపే బ్రాడీపేట హాస్టల్ వైఫైకి పైరసీ నోటీసు వచ్చిందని, ఏం చేయాలని అడిగారు కదా. ఆ వైఫైలో ఎవరో టోరెంట్‌లో, అంటే ఫైళ్లను ఒకరి నుంచి ఒకరు పంచుకునే పద్ధతిలో, సినిమా దించుకుని ఉంటారండీ. టోరెంట్ దించుకుంటూనే అవతలివాళ్లకు పంపుతుంది కూడా, అందుకే మీ ఐపీ అడ్రస్ (నెట్‌లో మీ కనెక్షన్‌ను గుర్తించే నంబర్) సినిమా హక్కుదారుల కంటపడి ప్రొవైడర్, అంటే నెట్ ఇచ్చే కంపెనీ, ద్వారా మీకు మెయిల్ వచ్చింది.

1. ముందు అందులో టైమ్ చూడండి, చాలామంది తప్పేది ఇక్కడే. పక్కన యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) అని ఉంటే ఐదున్నర గంటలు కలపాలి. 18:40 అంటే మనకు అర్ధరాత్రి దాటాక 12:10, తేదీ కూడా మారిపోతుంది. అది చూసుకోకుండా సాయంత్రం గదిలో ఉన్న పిల్లాణ్ని నిలదీస్తే అన్యాయం.

2. ఆ టైముకు ఏ ఫోన్, ఏ ల్యాప్‌టాప్ కనెక్ట్ అయి ఉందో రౌటర్ లాగ్‌లో, అంటే వైఫై పెట్టెలో నమోదయ్యే జాబితాలో, చూడండి.

3. ఒకే ఐపీని చాలా ఇళ్లకు పంచే లైన్ అయితే ఆ ఐపీలో ఏ కనెక్షనో విడిగా చెప్పే పోర్ట్ నంబర్ కూడా మీ లైన్‌తో సరిపోయిందా అని ప్రొవైడర్‌ని అడగండి. మెయిల్‌లోనే, ఫోన్లో వద్దు.

4. పాస్‌వర్డ్ మార్చి గదికొక లాగిన్ ఇవ్వండి.

కనెక్షన్ ఇచ్చిన కంపెనీదే బాధ్యత కదా అని కూడా అన్నారు. అంత సులువు కాదు, ఐటీ చట్టం సెక్షన్ 79 కింద నెట్ ప్రొవైడర్ల లాంటి మధ్యవర్తి కంపెనీలకు, వాడేవాళ్లు చేసిన తప్పుల విషయంలో, షరతులతో రక్షణ ఉంది. ఉండాలి కూడా. అమెరికాలో 2019లో కస్టమర్ల పైరసీకి కాక్స్ అనే ప్రొవైడర్‌ను బాధ్యురాలిని చేసి జ్యూరీ 100 కోట్ల డాలర్ల పరిహారం వేసింది, 2024లో అప్పీల్ కోర్టు ఆ మొత్తాన్ని కొట్టేసింది. అంత భయం పెడితే ఏ కంపెనీ అయినా విచారించకుండా లైన్ కట్ చేస్తుంది, ఒక్కడి పనికి హాస్టల్ పిల్లలందరి చదువూ ఆగుతుంది.

మెయిల్‌కు జవాబు మాత్రం ఇవాళే రాయండి, మీరు తీసుకున్న చర్యలు తేదీలతో సహా.