పడవ రైలా, రైలు పడవా?

సందేహం: ధనుష్కోటి గురించి రాసేటప్పుడు అక్కడికి నడిచిన పాత రైలు 'బోట్ మెయిల్'ను కొందరు 'పడవ రైలు' అంటున్నారు, మరికొందరు 'రైలు పడవ' అంటున్నారు. రెండూ ఒకటేనా?

సమాధానం: కావు. ఇలాంటి తెలుగు సమాసాల్లో అసలు వస్తువు చివరి పదంలో ఉంటుంది. 'పాల గేదె' అంటే గేదె, 'గేదె పాలు' అంటే పాలు. అలాగే 'పడవ రైలు' అంటే ప్రయాణికులను పడవ దగ్గరికి చేర్చే రైలు. 'రైలు పడవ' అంటే రైలునే మోసే పడవ.

బోట్ మెయిల్ మొదటి రకం. 1914లో రామేశ్వరం ద్వీపానికి పాంబన్ వంతెన తెరిచాక మద్రాసు నుంచి రైలు ధనుష్కోటి దాకా వెళ్లేది. అక్కడ ప్రయాణికులు సామానుతో సహా దిగి, స్టీమరెక్కి, శ్రీలంకలోని తలైమన్నార్‌లో కొలంబో రైలు అందుకునేవారు. వాళ్లు వచ్చిన బోగీలు ఇవతలి ఒడ్డునే ఉండిపోయేవి. కాబట్టి దాన్ని 'రైలు పడవ' అనడం తప్పు.

ఇంగ్లండ్‌లోని డోవర్ రేవు రెండు రకాలనూ చూసింది. 'గోల్డెన్ యారో' పడవ రైలు, దిగి ఓడెక్కాల్సిందే. 1936 నుంచి 1980 దాకా నడిచిన లండన్–పారిస్ 'నైట్ ఫెర్రీ'లో మాత్రం ప్రయాణికులు పడుకునే ఉండేవారు, స్లీపర్ బోగీలే ఓడలోకి వెళ్లేవి. డోవర్‌లో ఆటుపోట్ల తేడా 6 మీటర్లదాకా ఉంటుంది. నీరు అంత ఎగసి తగ్గుతుంటే ఓడలోని పట్టాలు ఒడ్డు పట్టాలతో కలవవు. అందుకే ఓడను తలుపులున్న డాక్‌లోకి తెచ్చి, వాటిని మూసి, పంపులతో నీటిమట్టం సరిచేసేవారు. బరువంతా ఒకే పక్కన పడితే ఓడ ఒరుగుతుంది కాబట్టి బోగీలను రెండు పక్కలా సమంగా ఎక్కించి, కదలకుండా గొలుసులతో డెక్కుకు బిగించేవారు. ఆ గొలుసుల చప్పుడుకే చాలామందికి నిద్ర పట్టేది కాదు. ఒక్క జాగ్రత్త: 'నైట్ ఫెర్రీ' అన్నది రైలు పేరు. 'ఫెర్రీ' ఉంది కదా అని దాన్ని ఓడగా అనువదించకండి.

రైలునే మోసే ఇంత పెద్ద ఓడను 'పడవ' అనడం నాకు నచ్చదు. 'రైలు ఓడ' మేలు. గోదావరి రేవుల్లో వాహనాలను దాటించే 'పంటు' చక్కని మాటే కానీ, అది ఏటి దాటింపుకే ఒప్పుతుంది. ఉకారసంధి చేస్తే 'రైలోడ' అవుతుంది. 'రైలింజను' వాడుకలో నలిగిన మాట కనుక చెల్లింది. 'రైలోడ' చూడగానే అర్థం కాదు. విడిగానే రాయండి.

క్రియ దగ్గరా తేడా పాటించాలి. డోవర్‌లో 'బోగీలను ఓడెక్కించారు'. ధనుష్కోటిలో 'రైలు దిగి స్టీమరెక్కారు'.