సర్టిఫికెట్ సరే, బుష్ సంగతేమిటి?

ప్రశ్న: మాది పంపులు బాగుచేసే వర్క్‌షాప్. గన్‌మెటల్ బుష్‌లు (షాఫ్ట్ తిరగడానికి వేసే కంచు గొట్టాల్లాంటి ముక్కలు) బయట చేయిస్తాం, లోపలి కొలత 25 హెచ్7. కొత్త సప్లయర్ ఐఎస్ఓ 9001 (నాణ్యత నిర్వహణ) సర్టిఫికెట్ చూపించాడు. శాంపిల్‌గా పంపిన 5 బుష్‌లూ బాగున్నాయి. ఆర్డర్ ఇచ్చేయవచ్చా?
– ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: అప్పుడే వద్దండి. ఐదు మంచి ముక్కలు ఏరి పంపడం ఎవరికైనా చేతనవును. సర్టిఫికెట్‌లో గడువు, పని పరిధి చూడండి. ట్రేడింగ్‌కు తీసుకున్నది మ్యాచినింగ్‌కు పనికిరాదు.

ఇక షాపుకే వెళ్లాలి. 25 హెచ్7 అంటే 25.000 నుంచి 25.021 మి.మీ., మొత్తం 21 మైక్రాన్లే. అక్కడ 0.02 మి.మీ. వరకే చూపే వెర్నియర్‌తో రంధ్రం కొలుస్తుంటే వచ్చేయండి. గో–నోగో ప్లగ్ గేజ్ (ఒక కొస రంధ్రంలో దూరాలి, రెండోది దూరకూడదు), రంధ్రం కొలిచే బోర్ డయల్ గేజ్, దాన్ని సెట్ చేసే రింగ్ ఉండాలి. కాలిబ్రేషన్ గడువు దాటకూడదు.

మీ ఎదుటే వరసగా 30 బుష్‌లు చేయించండి. చల్లారాక, చేసిన క్రమంలోనే కొలతలు రాయండి. బోరింగ్ టూల్ అరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది. అంకెలు 25.000 వైపు జారుతుంటే, ఎన్ని ముక్కలకోసారి ఆఫ్‌సెట్ (మెషిన్‌లో టూల్ స్థానం సెట్టింగ్) సరిచేస్తారో, ఎక్కడ రాస్తారో అడగండి. యజమానిని కాదు, ఆపరేటర్‌ని. సీపీకే (కొలతలు హద్దుల్లో ఎంత నిలకడగా ఉన్నాయో చెప్పే అంకె) 1.33కు తగ్గితే ఆర్డర్ చిన్నదే ఇవ్వండి, వచ్చిన ప్రతి ముక్కా గేజ్‌తో చూసుకోండి.

రిజెక్ట్ డబ్బా కొత్తగా మెరుస్తూ ఖాళీగా ఉంటే నాకైతే అనుమానమే.

మరొకటి, బుష్‌ను హౌసింగ్‌లో ప్రెస్ చేశాక రంధ్రం కాస్త బిగుస్తుంది. ఆ నేరం సప్లయర్ మీద వేయకండి. హెచ్7 కావాల్సింది బిగించక ముందా, తర్వాతా అన్నది మీ డ్రాయింగ్‌లోనే రాయాలి.