ఎంపీ సీటుకు ఇంతమందే పోటీ చేయాలని పరిమితి పెడితే మంచిది కాదా?

కాదు. 2019లో నిజామాబాద్‌లో ఎలక్షన్ డ్యూటీ చేసిన టీచర్ని. ఆ లెక్కన పరిమితి కావాలని అందరికంటే ముందు నేనే అడగాలి.

ఆ ఏడు మా లోక్‌సభ స్థానానికి 185 మంది అభ్యర్థులు. పసుపు బోర్డు కావాలని, పసుపుకీ ఎర్రజొన్నకీ మద్దతు ధర కావాలని 170 మందికి పైగా రైతులు నామినేషన్లు వేశారు. ఓటు నొక్కే ఒక్కో డబ్బాలో, అంటే బ్యాలెట్ యూనిట్‌లో, 16 పేర్లే పడతాయి కాబట్టి నోటాతో కలిపి 12 యూనిట్లు. బడి బల్లలన్నీ ఎల్ ఆకారంలో జరిపి, వైర్లు కలిపి, పోలింగ్‌కి ముందు మెషీన్లు సరిచూసే మాక్ పోల్‌లో ప్రతి గుర్తుకీ ఓటు నొక్కేసరికి వేళ్లు నొప్పి పుట్టాయి. ముందు రాత్రి దోమల సంగతి, డ్యూటీకి ఇచ్చిన డబ్బుల సంగతి అడగకండి.

పది గంటలప్పుడు ఒక అవ్వ లోపలికి వెళ్లింది. ఎంతకీ బీప్ రాదు. మా దగ్గరుండే కంట్రోల్ యూనిట్ మీద ఎర్రలైటు అలాగే వెలుగుతోంది, అంటే ఓటింకా పడలేదు. బయట లైన్లో సణుగుడు. ఓటేసే అట్ట చాటుకి మేం పోకూడదు. "ఏమైంది అవ్వా?" అని ఇక్కడినుంచే అడిగాను.

"మా తమ్ముడు నిలవడ్డడు సారూ, వాని గుర్తు ఏడున్నదో దొరుకుతలేదు."

పెద్ద పార్టీలవాళ్లు మొదటి డబ్బాలోనే ఉంటారు. ఇండిపెండెంట్లు ఆ వెనక, అక్షరక్రమంలో. ఆమెకి చదువు రాదు. గుర్తులు చూసుకుంటూ ఈ చివర నుంచి ఆ చివరకి నడుస్తోంది. "నిమ్మళంగ చూడవ్వా" అనడం తప్ప నేనేం చేయగలను? చివరికి బీప్ మోగింది. బయటికొస్తూనే "పదో డబ్బల ఉన్నడు!" అని గట్టిగా చెప్పేసింది. ఏజెంట్లు పడీపడీ నవ్వారు. మా ప్రిసైడింగ్ ఆఫీసర్ తల పట్టుకున్నారు.

ఇది కొత్త గోలేం కాదు. 1996లో ఫ్లోరైడ్ నీళ్ల గోడు వినిపించడానికి నల్లగొండలో 480 మంది నిలబడితే ఎన్నికే వాయిదా పడింది. ఆ ఏడాదే 500 రూపాయల డిపాజిట్‌ని 10,000 చేశారు. ఇప్పుడది 25,000. చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటకపోతే అదీ పోతుంది. పెద్ద రాష్ట్రాల్లో ఒక్కో అభ్యర్థి 95 లక్షల దాకా ఖర్చు పెట్టుకోవచ్చని ఒప్పుకున్న ఎన్నికలో, ఈ పాతికవేలు ఎవరిని ఆపడానికో చెప్పండి.

543 మంది సభలో ఒక్క ఎంపీ లేచి పసుపు గురించి మాట్లాడితే పట్టించుకునేదెవరు? ఆ పన్నెండు డబ్బాల ఫొటోలు దేశమంతా చూసింది కాబట్టే 2025లో నిజామాబాద్‌లో పసుపు బోర్డు తెరిచారని నా నమ్మకం. కాదనేవాళ్లతో వాదించే ఓపిక లేదు.

అవ్వ తమ్ముడికి మాత్రం డిపాజిట్ తిరిగి రాలేదు.