అత్తగారి గదిలో బండలా, టైల్సా?

ప్రశ్న: మాది ఖమ్మం. ఇల్లు కట్టుకుంటున్నాం. ప్లాస్టరింగ్ అయిపోయి పని ఫ్లోరింగ్ దగ్గర ఆగింది. మావారు బాత్రూములతో సహా ఇల్లంతా తళతళలాడే తెల్ల టైల్సే వేయాలంటున్నారు. మా బావగారి ఇంట్లో అలాగే ఉంది. మా అత్తగారికి 70 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. నిరుడు అద్దింటి బాత్రూములో జారిపడి మణికట్టు విరిగింది. తన గదిలో మాత్రం పాత ఇంట్లోలా తాండూరు బండలు వేయమని ఒకే ఒక్కసారి అడిగారు. “బండలేస్తే నలుగురూ నవ్వుతారు” అని ఆయన కసురుకున్నారు. అప్పటినుంచి ఆవిడ “నాకేం వద్దులే, ఇంకెన్నాళ్లుంటాను” అంటున్నారు. నేను కల్పించుకుంటే “మా అమ్మ సంగతి నాకు తెలీదా” అని గొడవ. ఏం చేయమంటారు?
– ఒక కోడలు

జవాబు: మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా బాధ కలిగించింది మీ అత్తగారి “నాకేం వద్దులే” అన్న మాట. పెద్దవాళ్లు అలా అన్నారంటే వాళ్ల కోరిక తీరిపోయిందని కాదు. మళ్లీ అడిగి మాట పడటం ఇష్టం లేక ఊరుకున్నారని. ఆవిడ ఊరుకున్నారు కదా అని మీరు కూడా ఊరుకోలేదు, ఉత్తరం రాశారు. అది మంచి పని.

అలాగని మీవారిని రాతిగుండె మనిషని అనుకోకండి. లోను, మేస్త్రీల వెంట తిరగడం, ఒకదాని మీద ఒకటి వచ్చిపడే ఖర్చులు, రేపు గృహప్రవేశానికి అన్నయ్య వచ్చి ఏమంటాడో అన్న బెంగ – ఆ టెన్షన్ ఆయనది. బండల ఇంట్లో పెరిగిన మనిషికి బండలు చూస్తే చిన్నప్పటి లేమి గుర్తొస్తుంది. ఆ బండల మీదే కాపురం చేసి పిల్లల్ని పెంచిన తల్లికి ధైర్యంగా అడుగు వేయగలిగిన నేల గుర్తొస్తుంది. ఇద్దరిలో ఎవరిదీ తప్పు కాదు. కానీ ఆవిడ మళ్లీ పడితే ఈసారి విరిగేది తుంటి ఎముక కావచ్చు. ఆ వయసులో తుంటి విరిగితే మంచం దిగడం ఎంత కష్టమో మీకు తెలుసు. అందుకే కొన్నిచోట్ల రాజీ పడవచ్చు, ఒకచోట మాత్రం పడకూడదు.

ఇల్లంతా ఒకటే వేయాలన్న నియమం ఎక్కడా లేదు. ఏ గదికైనా రెండు సంగతులు చూడండి: అక్కడ నీళ్లు పడతాయా, అక్కడ ఎక్కువగా నడిచేది ఎవరు?

హాలు మీవారికి వదిలేయండి. ఆయన కోరుకున్న మెరిసే విట్రిఫైడ్ (బాగా కాల్చి గట్టిపరిచిన రకం) టైల్స్ అక్కడ వేసుకోనివ్వండి. పొడిగా ఉన్నంతసేపు వాటితో పెద్ద ఇబ్బంది లేదు. తడిగుడ్డ పెట్టినప్పుడే ప్రమాదం. ఫ్యాను వేసి ఆరేదాకా అత్తగారిని అటు రానివ్వకపోతే సరిపోతుంది. ఒక్కటి మాత్రం అడగండి: అచ్చ తెలుపు కాకుండా కాస్త లేత గోధుమరంగు చూడమనండి. కంటిచూపు తగ్గినవాళ్లకు తెల్లటి మెరుపులో నీటి మరక కనిపించదు.

రాజీ పడకూడని చోటు బాత్రూము. అక్కడ మెరిసే టైల్ వద్దే వద్దు. గోడకు వేయగా మిగిలినవి నేలకు సర్దేస్తానని మేస్త్రీ అన్నా ఒప్పుకోకండి. మెరుపు లేని మ్యాట్ ఫినిష్‌లో అడుగుకు అడుగు టైల్స్ తీసుకోండి. చిన్నవైతే జాయింట్లు ఎక్కువొచ్చి పాదానికి పట్టు దొరుకుతుంది, నీళ్లు పోయేలా వాలు ఇవ్వడమూ సులువు. కంపెనీల క్యాటలాగుల్లో ఆర్9 నుంచి ఆర్13 దాకా అంకెలు ఉంటాయి. అంకె పెరిగేకొద్దీ జారుడు తగ్గుతుంది. బాత్రూముకు ఆర్10కి తగ్గకండి, ఆర్11 దొరికితే ఇంకా మంచిది. మరీ గరుకుగా ఉన్నదైతే సబ్బు మురికి పట్టి కడగడం కష్టమవుతుంది కాబట్టి చేత్తో తడిమి చూసి తీసుకోండి.

ఇక ఆవిడ గది. వికారాబాద్ జిల్లా తాండూరు నుంచి వచ్చే నీలం, పసుపు బండలు దశాబ్దాల తరబడి నిలుస్తాయి. రాయి ధర కూడా ఎక్కువేమీ కాదు, పరిచాక మిషన్ పాలిష్ ఖర్చే అదనం. ఆ పాలిష్ నున్నబడేదాకా చాలనండి. అద్దంలా మెరిపిస్తే తడిలో అదీ జారుతుంది. సున్నపురాయి జాతి కాబట్టి యాసిడ్ తగిలితే తెల్లగా కాలిపోతుంది. నిమ్మరసం, చింతపండు పులుసు ఒలికినా మచ్చ పడుతుంది. అందుకే వంటింట్లో వద్దు, అక్కడ మ్యాట్ విట్రిఫైడ్ మేలు. గదిలోనైతే మామూలు నీళ్లతో తుడుచుకుంటే చాలు. పోర్టికోలో వాన జల్లు కొడుతుంది కాబట్టి గరుకు గ్రానైటో పార్కింగ్ టైల్సో వేయించండి.

ఇది ఇప్పుడే తేల్చుకోవాల్సిన కారణం ఇంకొకటుంది. బండ మందం టైల్ కంటే ఎక్కువ, ఇంచుమించు రెట్టింపు ఉంటుంది. మేస్త్రీకి ముందే చెబితే కింద పరిచే సిమెంటు మాల్ తగ్గించి రెండూ ఒకే లెవెల్‌కు తెస్తాడు. ఆలస్యంగా చెబితే గుమ్మం దగ్గర అరంగుళం ఎత్తు మిగిలిపోతుంది. కాళ్లు ఈడ్చి నడిచే మనిషికి పెద్ద మెట్టు కనిపిస్తుంది, ఆ అరంగుళమే కనిపించదు.

మీవారితో ఎలా మాట్లాడాలంటారా? బావగారి ఇంటి ప్రస్తావన తేకండి. అత్తగారి ముందు, మేస్త్రీ ముందు ఈ మాట ఎత్తకండి. మగవాడు నలుగురిలో అన్న మాట వెనక్కి తీసుకోవడం కష్టం. ఇద్దరే ఉన్నప్పుడు, “హాలు మీ ఇష్టం, అత్తయ్య గది, బాత్రూము ఆవిడ ఇష్టం” అని ముందు ఇచ్చే మాట చెప్పి, తర్వాత అడిగే మాట చెప్పండి. వాదన పెంచకుండా అత్తగారిని కూడా వెంటబెట్టుకుని ముగ్గురూ టైల్స్ షాపుకు వెళ్లండి. ఆయన ఎంచిన మెరిసే టైల్‌ను, మ్యాట్ టైల్‌ను పక్కపక్కన నేల మీద పెట్టించి, సబ్బు కలిపిన నీళ్లు కాసిని పోయించండి. మీవారినే చెప్పులు విడిచి, మీ చెయ్యి పట్టుకుని ఒక్కోదాని మీద పాదం ఆనించి చూడమనండి. తన కాలు జారినప్పుడు తెలిసినంతగా మీరెంత చెప్పినా తెలియదు. అత్తగారిని మాత్రం వాటి మీద నిలబెట్టకండి, ఆవిడ చూస్తే చాలు.

“మా అమ్మ సంగతి నాకు తెలీదా” అని మళ్లీ అంటే గొంతు పెంచకుండా, “తెలుసు, అందుకే మీరే అడగండి” అనండి. ఆ కసురు మాట కొడుకు నోట వచ్చింది. “అమ్మా, నీ గదిలో ఏ రంగు బండ వేయించను?” అని కూడా కొడుకే అడగాలి. మీరు అడిగితే ఆవిడ మళ్లీ “నాకేం వద్దమ్మా” అంటారు. ఆయన అడిగితే రంగు చెప్తారు.

ఆయన ఎంతకీ ఒప్పుకోకపోతే గదిలో బండల సంగతి వదిలేసి మ్యాట్ టైల్‌కు సర్దుకోండి. బాత్రూము దగ్గర మాత్రం గట్టిగా నిలబడండి. గోడ టైల్స్ వేసేలోపే కమోడ్ పక్కన స్టీలు హ్యాండిల్‌కు చోటు చూపించండి. తువ్వాలు కడ్డీ మనిషి బరువు మోయదు, గోడలోకి గట్టిగా దిగిన హ్యాండిలే కావాలి. కమోడ్ వచ్చే చోట కుర్చీ వేసి అత్తగారిని కూర్చోబెట్టి, లేచేటప్పుడు ఏ చేత్తో పట్టుకుంటారో అడగండి. విరిగిన మణికట్టు వైపు కాకుండా రెండో వైపు గోడ మీద, ఆవిడ చెయ్యి అందిన చోట పెన్సిల్‌తో గుర్తు పెట్టించండి.