రెండో తాళం ఎక్కడుందో ముందు అడుగు

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

కారు కొన్నావని అక్క ఫోన్ చేసి చెప్పింది. ఫొటో చూశాను, సెకండ్ హ్యాండ్ అయినా మంచి బండి. మైసూరు రోడ్డు గాలి ఆంజనేయస్వామి గుడి దగ్గర పూజ చేయించి నిమ్మకాయలు తొక్కించావట, చాలా సంతోషం. అయితే ఆ ఫొటోలో నీ చేతిలో ఒక్క తాళమే ఉంది. రెండోది ఏదని అక్కను అడిగితే, "పాత ఓనరు వెతికి పంపుతానన్నాడంట" అంది. అప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. ఫోన్‌లో చెబితే మీటింగ్ ఉందని మధ్యలో పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను, నిదానంగా చదువు.

ముందు ఆ తాళంలో ఏముంటుందో తెలుసుకో. నాలుగైదేళ్ల కిందట మన జేసీ రోడ్డు షెడ్డుకి ఒక పెద్దాయన కారు టోయింగ్ బండి మీద వచ్చింది. సెల్ఫ్ కొడితే ఇంజన్ అందుకుంటుంది, రెండు సెకన్లలో ఆగిపోతుంది. అంతకుముందు చూపించిన చోట పెట్రోల్ పంపు మార్చారు, బ్యాటరీ మార్చారు. నేను డ్యాష్‌బోర్డు వైపు చూశాను. కారు బొమ్మలో తాళం గుర్తున్న చిన్న లైటు గబగబా కొట్టుకుంటోంది. తాళం ఇమ్మన్నాను. కవరు కొత్తది. పాతది అరిగిపోయిందని ఫుట్‌పాత్ మీద మార్పించారట. బండి మొరాయించింది కూడా ఆ రోజు నుంచే. అదృష్టం బాగుండి పాత కవరు ఇంట్లో మనవడి ఆటబొమ్మల్లో దొరికింది. విప్పి చూస్తే లోపల ఒక మూలన కందిబేడంత నల్లటి ముక్క అంటుకుని ఉంది. చిన్న స్క్రూడ్రైవర్‌తో మెల్లగా లేపి కొత్త కవరులో పెట్టాను. తాళం తిప్పగానే బండి స్టార్ట్ అయింది, ఆగలేదు. ఆ ముక్క కోసం ఆయన ఎంత డబ్బు పోసుకున్నారో తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధే.

ఆ ముక్కే చిప్. దానికి సెల్లు అక్కర్లేదు. తాళం దూర్చే కన్నం చుట్టూ రాగితీగ చుట్ట ఒకటి ఉంటుంది. తాళం ఆన్ చేయగానే ఆ చుట్ట 125 కిలోహెర్ట్జ్ దగ్గర అయస్కాంత క్షేత్రం పుట్టిస్తుంది. చిప్ తనకు కావలసిన కరెంటు దాని నుంచే తీసుకుంటుంది. అప్పుడు కారులోని కంప్యూటర్ ఒక సంఖ్య పంపుతుంది. చిప్ తన లోపలి రహస్య సంఖ్యతో లెక్క కట్టి జవాబిస్తుంది. కంప్యూటర్ కూడా అదే లెక్క కట్టుకుని, రెండూ కలిస్తేనే ఇంజన్‌ను నడవనిస్తుంది. ప్రశ్న ప్రతిసారీ మారుతుంది కాబట్టి నిన్నటి జవాబు దొంగిలించినవాడికి ఇవాళ లాభం లేదు. దీన్నే ఇమ్మొబిలైజర్ అంటారు. నీది బటన్ స్టార్ట్ బండి కాబట్టి కన్నం ఉండదు, కానీ లోపల జరిగే ప్రశ్నా జవాబూ ఇదే తరహా.

ఈ చిప్ విలువ ఎంతో అమెరికాను చూస్తే తెలుస్తుంది. యూరప్‌లో 1998 నుంచి, కెనడాలో 2007 నుంచి కొత్త కార్లకు ఇమ్మొబిలైజర్ తప్పనిసరి చేశారు. అమెరికాలో అలాంటి చట్టం లేదు. అక్కడ అమ్మిన కొన్ని కియా, హ్యుందాయ్ మోడళ్లలో అది లేకపోవడంతో, స్టీరింగ్ కింది కవరు పీకి యూఎస్‌బీ కేబుల్ మొనతో తిప్పి బండి తీసుకుపోయే పద్ధతి వీడియోల్లో పాకింది. కుర్రాళ్లు ఆటగా దొంగతనాలు చేశారు.

ఇప్పుడు అసలు మాట. ఏ తాళాలను ఒప్పుకోవాలో కారు కంప్యూటర్ దగ్గర ఒక జాబితా ఉంటుంది. ఓనరు మారాడని, ఆర్సీ మారిందని దానికి తెలియదు. పాత ఓనరు బీరువాలో ఉన్న తాళం, ఆయన డ్రైవరు దగ్గర ఉండిపోయిన తాళం, బ్రోకరు చేయించుకున్న తాళం, ఏది వచ్చినా అది తలుపు తీస్తుంది. నేను వాళ్లను దొంగలనడం లేదు. తాళం చేతులు మారుతుంది, అదే నా భయం. కాబట్టి స్కానర్ పెట్టించి ఎన్ని కీలు ఎక్కి ఉన్నాయో చూడాలి, చాలా బళ్లలో ఆ లెక్క కనిపిస్తుంది. పాతవన్నీ చెరిపించి, నీ చేతిలో ఉన్నదాన్నీ, కొత్తగా కొన్న రెండోదాన్నీ మాత్రమే ఎక్కించుకో. చెరిపేసిన తాళంతో ఇంజన్ స్టార్ట్ కాదు, కానీ దాని లోపలి ఇనుప తాళం తలుపు తీయగలదు. అందుకే బండిలో విలువైన వస్తువులు వదలకు.

కొత్త కీ చేయించేటప్పుడు ఆర్సీ, ఆధార్ అడిగే చోటికే వెళ్లు. నిన్ను అడగనివాడు రేపు నీ బండి పేరు చెప్పి ఇంకెవరొచ్చినా అడగడు.

ఇంకో కారణం కూడా ఉంది. బండి పోతే ఇన్సూరెన్స్ వాళ్లు మామూలుగా రెండు తాళాలూ అప్పగించమంటారు. ఒకటే ఇస్తే రెండోది ఏమైందని ప్రశ్నలు మొదలవుతాయి, క్లెయిమ్ నలుగుతుంది. పాత ఓనరు నుంచి రెండోది రాకపోతే, రాలేదని ఆయనతో కాగితం మీద రాయించుకో. పాలసీ నీ పేరుకు మార్చమని బదిలీ అయిన 14 రోజుల్లో అప్లై చేయాలి, ఆ పని ఆపకు. ఒకవేళ, స్వామి దయవల్ల అలాంటిది రాకూడదు, బండి కనబడకపోతే వెంటనే 112కి ఫోన్ చేసి, స్టేషన్‌లో ఎఫ్ఐఆర్ రాయించి, అదే రోజు ఇన్సూరెన్స్ వాళ్లకు చెప్పాలి.

ఇక మీ ఇంటి సంగతి. కేఆర్ పురంలో మీ ఇల్లు నాకు తెలుసు. గేటుకీ తలుపుకీ మధ్య నాలుగడుగులు. కారు గేటు ముందు రోడ్డు మీదే. తలుపు పక్కన వెంకటేశ్వరస్వామి పటం కింద మేకుకి తాళాలన్నీ తగిలిస్తారు. నీ బండి లాంటి బటన్ స్టార్ట్ కార్లకు అదే ప్రమాదం. హ్యాండిల్ తాకగానే కారు చిన్న పిలుపు పంపుతుంది, ఒకటి రెండు మీటర్లలో ఉన్న కీ దానికి రేడియోలో జవాబిస్తుంది, తలుపు తెరుచుకుంటుంది. దొంగలు ఇద్దరొస్తారు. ఒకడు కారు దగ్గర, ఇంకొకడు మీ తలుపు దగ్గర ఒక యంత్రం పట్టుకుని నిలబడి, కారు పిలుపును గోడ అవతలి కీ దాకా మోసుకొస్తారు. కీ దగ్గరే ఉందనుకుని కారు స్టార్ట్ అవుతుంది. తర్వాత కీ దూరమైనా నడిచే ఇంజన్ ఆగదు, రోడ్డు మీద హఠాత్తుగా ఆగితే ప్రాణాలకే ముప్పు కనుక అలా చేశారు. స్విట్జర్లాండ్‌లోని ఈటీహెచ్ జ్యూరిక్ పరిశోధకులు 2011లో ఎనిమిది కంపెనీల పది మోడళ్ల మీద పరీక్షిస్తే పదీ లొంగిపోయాయి. ఈ మధ్య కొన్ని కార్లలో జవాబు ఎంతసేపటికి వచ్చిందో కొలిచి దూరం తేల్చే కీలు వస్తున్నాయి. నీది ఆ రకం కాదు.

కాబట్టి కీని తలుపు దగ్గర నుంచి లోపలి గదిలోకి మార్చు. మూత బిగుతుగా పడే స్టీలు డబ్బాలో పెట్టు. డబ్బాను నమ్మేముందు పరీక్ష చెయ్యి: కీ లోపల పెట్టి మూత బిగించి, డబ్బా పట్టుకుని కారు పక్కన నిలబడి హ్యాండిల్ లాగు. తలుపు తెరుచుకుంటే ఆ డబ్బా పనికిరాదు, ఇంకోటి చూడు. రెండో కీకి కూడా అదే.

అద్దం పగలగొట్టి, స్టీరింగ్ కింద మెకానిక్‌లు స్కానర్ తగిలించే ఓబీడీ సాకెట్‌కి యంత్రం తగిలించి కొత్త కీ ఎక్కించుకునే దొంగలు కూడా ఉన్నారు. వాళ్లకు మన చిప్ అడ్డం కాదు, ఇనుమే అడ్డం. మంచి గేర్ లాక్ వేయించు. బయటి నుంచి కనబడేలా స్టీరింగ్ లాక్ కూడా పెడితే ఇంకా మంచిది, చూడగానే పక్క బండికి పోతారు.

మాల్ పార్కింగ్‌లో బటన్ నొక్కి వెనక్కి చూడకుండా వెళ్లిపోకు. ఆ సిగ్నల్‌ను కారుకు చేరకుండా జామ్ చేసే పరికరాలున్నాయి. ఇండికేటర్లు వెలిగాయా చూడు. హ్యాండిల్ లాగి చూస్తే జేబులోని కీ వల్ల తెరుచుకోవచ్చు, కాబట్టి పక్క అద్దాలు ముడుచుకున్నాయో, లాక్ చప్పుడైందో కూడా గమనించు.

కీలో సెల్లు అయిపోతే భయపడకు. పక్కనుండే చిన్న గొళ్లెం జరిపితే ఇనుప తాళం బయటికొస్తుంది, దాంతో తలుపు తియ్యి. అలారం మోగినా కంగారు పడకు. కీని స్టార్ట్ బటన్‌కు ఆనించి బ్రేకు తొక్కి నొక్కు, కొన్ని బళ్లలో ఆనించే చోటు వేరే ఉంటుంది, పుస్తకంలో చూసుకో. సెల్లు లేకపోయినా పనిచేసే చిప్ అందులో ఉంది.

ఆదివారం పొద్దున పదింటికి షెడ్డుకి రా. నీ దగ్గరున్న తాళం, ఆర్సీ, ఆధార్, పాలసీ కాగితం తీసుకురా. లోపల ఎన్ని కీలున్నాయో ఇద్దరం కలిసి చూద్దాం. ఈలోపు పాత ఓనరుకు ఇవాళే ఇంకోసారి ఫోన్ చెయ్యి.

మీ మామ