బొమ్మ ముందు ఎంతసేపు నిలబడ్డావు?

నల్లగొండ

చెల్లెమ్మకు,

ఫ్లోరైడు నీళ్లు తాగి జబ్బుపడ్డవాళ్ల మీద వేసిన చిత్రాలు చూసి నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. అందులో కోపం ఉంది, న్యాయమైన కోపమే. కానీ 3 పేజీల్లో ‘నిరసన’ అనే మాట 11 సార్లు వచ్చింది, రంగు పేరు ఒక్కసారీ రాలేదు. బొమ్మలు తీసేసినా నీ వ్యాసం చెక్కుచెదరదు, అదే నాకు నచ్చలేదు. తాగేనీళ్లలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ప్రమాదమని చెప్పడానికి నీళ్ల పరీక్ష కాగితం చాలు. ఆ కాగితం చెప్పలేనిది బొమ్మ ఏం చెప్పిందో రాయి.

మళ్లీ వెళ్లు. టేపు, పెన్సిలు, నోటుబుక్కు పట్టుకుపో. గోడమీది చీటీ ముందే చదవకు, చదివితే కళ్లు ఆ మాటల్నే వెతుకుతాయి. 10 అడుగుల దూరం నుంచి 5 నిమిషాలు చూడు, మూరెడు దూరం నుంచి 10 నిమిషాలు. తర్వాత పక్కకు జరిగి గోడ వెంట చూడు. రంగు ఎక్కడ మందంగా లేచిందో, ఎక్కడ గీకేసి మళ్లీ వేశారో అప్పుడే కనపడుతుంది. కొలతలు, నూనె రంగా అక్రిలిక్కా, కాన్వాసా కాగితమా, అన్నీ అక్కడే రాసుకో. ఫోన్ ఫొటోను నమ్ముకుంటే ట్యూబులైటు కింద తెలుపు నీలంగా మారుతుంది, నిలువెత్తు బొమ్మా అరచేతంత బొమ్మా ఒకటైపోతాయి. పికాసో 1937లో వేసిన గెర్నికా అనే యుద్ధం బొమ్మ దాదాపు 3.5 మీటర్ల ఎత్తు, 7.8 మీటర్ల పొడవు. ఫోన్‌లో చూసి దాని గురించి ఏం రాస్తాం?

‘నడుము వంగిన ముసలాయన’ అని రాసి వదిలేశావు. ఫ్లోరైడుతో వచ్చే ఆ ఎముకల జబ్బు ముదిరితే వెన్నూ మెడా బిగుసుకుపోతాయి. పక్కనుంచి పిలిస్తే ఆయన తల తిప్పలేడు, మనిషి మొత్తం తిరగాలి. లేకపోతే కళ్లు మాత్రమే అటు తిప్పుతాడు. బొమ్మలో భుజాలు ఎటున్నాయి, కళ్లు ఎటున్నాయి? భుజాలు మనవైపే ఉండి మెడ హాయిగా పక్కకు తిరిగితే, వేసినాయనకు జాలి ఉందేమో గానీ చూపు లేదు. పాలమూరు వలస కూలీల బొమ్మనూ ఇట్లాగే చూడు. మట్టి తట్ట ఎత్తుకున్న ఆమె నెత్తిన చుట్టబట్ట ఉందా? అది లేకుండా పొద్దంతా తట్ట మోయడం అయ్యే పని కాదు. రాజకీయం ఉందో లేదో నేనైతే ముందు ఇక్కడ వెతుకుతాను.

తర్వాత సరుకు చూడు, అంటే దేంతో, దేనిమీద వేశారో. చిత్రకారుడు చిత్తప్రసాద్ 1943 బెంగాల్ కరువులో అక్కడి మిడ్నపూర్ జిల్లా ఊళ్లు తిరిగి నల్లసిరాతో గీశాడు. ఆ గీతలు కమ్యూనిస్టు పార్టీ పత్రికలో అచ్చు కావాలి, నల్లసిరా గీత అచ్చులో చక్కగా దిగుతుంది. ఆ బొమ్మల పుస్తకాన్ని బ్రిటిష్ ప్రభుత్వం పట్టుకుని తగలబెట్టింది. బెంగాల్ కళాకారుడే అయిన సోమనాథ్ హోర్ 1970లలో ‘గాయాలు’ వరసకు మట్టి, మైనం పలకల మీద కత్తితో గాట్లు పెట్టి, సిమెంటు అచ్చు తీసి, అందులో కాగితం గుజ్జు ఒత్తాడు. తెల్ల కాగితం మీద తెల్లటి గాటు. సిరా చుక్క కూడా లేదు. రెండింటినీ ‘నిరసన’ అని ఒకే గాటన కట్టేస్తే చదివేవాళ్లకు ఏం మిగులుతుంది?

చిత్రకారుణ్ణి ‘దీని అర్థమేంటి’ అని అడగకు. ఏది చెరిపేశారు, చివర వేసిన రంగు ఏది, ఎరుపు దేంతో కలిపారు అని అడుగు. వాళ్లకు ఇష్టంగా చెప్పాలనిపించేది అదే. రాసేటప్పుడు ‘ఎర్త్ టోన్స్’ అనకు. జాజు, సున్నం, చెల్క ఎరుపు, రేగడి నలుపు, అలికిన వాకిలి రంగు అని మన ఇళ్లలో పేర్లున్నాయి. బొమ్మకు కూర్చున్న మనిషి పేరు, ఊరు మాత్రం ఆయన ఒప్పుకుంటే తప్ప అచ్చులో పెట్టకు.

పెద్ద బొమ్మకు ఎడమ కింది మూలన రంగు పగిలిందని రాశావు, ఎందుకో రాయలేదు. అది నూనె రంగైతే, నూనె ఎక్కువున్న కింది పొర ఆరకముందే పైన పలచటి పొర వేసి ఉండొచ్చు. పైది ముందు ఆరి బిగుస్తుంది, కిందిది కదిలితే చీలుతుంది. కావాలనే అట్లా చేశారా, తొందరలో జరిగిందా, ఆయన్నే అడిగి రాయి.

మొదటి పేరా కొట్టేసి, ముసలాయన కళ్ల దగ్గర మొదలుపెట్టు. 600 మాటల్లోపు పంపు.

మీ అన్న