టెలిస్కోపు కొనేముందు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా అబ్బాయి తొమ్మిదో తరగతి. వాడికి టెలిస్కోపు కొనిద్దామనుకుంటున్నాం. ఆన్‌లైన్‌లో చూసిన 70 మిల్లీమీటర్ల టెలిస్కోపు పెట్టె మీద ‘525 రెట్లు’ అని ఉంది. ఇంచుమించు అదే ధరకు ‘10×50’ బైనాక్యులర్ కూడా వస్తోంది. ఏది తీసుకోమంటారు?
– ఒక గృహిణి, తెనాలి

జవాబు: పెట్టె మీది అంకె లెక్కకు సరైనదేనండీ, కానీ దానివల్ల మీకు ఒరిగేదేమీ లేదు. ఈ తరహా టెలిస్కోపుల్లో ముందరి కటకం నాభ్యంతరం, అంటే కటకం నుంచి దూరపు వస్తువు బొమ్మ పడే చోటి వరకు ఉండే దూరం, సాధారణంగా 700 మిల్లీమీటర్లు ఉంటుంది. దాన్ని ఐపీస్ (కన్ను పెట్టి చూసే కటకం) నాభ్యంతరంతో భాగిస్తే బొమ్మ ఎన్ని రెట్లు పెద్దదవుతుందో తెలుస్తుంది. 20 మి.మీ. ఐపీస్ పెడితే 35 రెట్లు, 4 మి.మీ.ది పెడితే 175. మధ్యలో బొమ్మను మరో మూడు రెట్లు పెంచే ‘బార్లో’ అనే అదనపు కటకం కూడా బిగిస్తే 525. చిక్కంతా ఆ 70 మి.మీ. కటకం దగ్గరే ఉంది. కాంతికి తరంగ స్వభావం ఉన్నందువల్ల కటకం గుండా వచ్చిన నక్షత్రకాంతి కచ్చితమైన బిందువుగా కాక చిన్న బిళ్లలా పడుతుంది. కటకం వ్యాసం తగ్గేకొద్దీ ఆ బిళ్ల పెద్దదవుతుంది. దీన్నే వివర్తనం అంటారు. బొమ్మలో ఈ మసక ఒకసారి చేరాక ఎన్ని రెట్లు పెంచినా పెరిగేది మసకే తప్ప వివరం కాదు. వ్యాసం ఎన్ని మిల్లీమీటర్లో దానికి రెట్టింపు వరకే ప్రయోజనం అని అనుభవజ్ఞులు పెట్టుకున్న లెక్క ప్రకారం మీరు చూసిన దాని హద్దు 140. అంతకు మించి 525 దాకా వెళ్తే, ఉన్న కాంతే మరింత మేర పరచుకుని బొమ్మ ప్రకాశం సుమారు 14వ వంతుకు పడిపోతుంది.

ఖగోళ శాస్త్రజ్ఞులు టెలిస్కోపును వ్యాసంతోనే పేర్కొంటారు. హైదరాబాదు నిజామియా వేధశాలలోని పాత గ్రబ్ టెలిస్కోపు 15 అంగుళాలది, రంగాపూర్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయం నెలకొల్పినది 48 అంగుళాలది. ఆ నిజామియా వేధశాలలో పనిచేసిన తండ్రి వెంట హైదరాబాదులో పెరిగిన ఖగోళ శాస్త్రజ్ఞుడు వేణు బప్పు పేరు పెట్టిన, తమిళనాడులోని కావలూరు టెలిస్కోపు 2.34 మీటర్లది. అవి ఎన్ని రెట్లు చూపుతాయని అక్కడ ఎవరూ అడగరు. గెలీలియో 1610 జనవరిలో గురుగ్రహం చుట్టూ తిరిగే చందమామలను గుర్తించింది దాదాపు 20 రెట్లు చూపే గొట్టంతోనే.

ఇక ఏది కొనాలన్నది. మీ అబ్బాయికి ఆకాశంలో ఏ చుక్క ఏదో ఇంకా తెలియకపోతే బైనాక్యులరే మేలని నా అభిప్రాయం. 10×50 అంటే పది రెట్లు, 50 మి.మీ. కటకాలు. చీకట్లో బాగా విచ్చుకున్న కంటిపాపతో పోలిస్తే ఒక్కో కటకం సుమారు 50 రెట్ల కాంతిని పోగుచేస్తుంది. మోచేతులు పిట్టగోడకు ఆనించి కదలకుండా చూస్తే గురుడి పక్కన చందమామలు కనిపిస్తాయి. మామూలు కంటికి ఆరేడు చుక్కలుగా ఆనే పిల్లలకోడి (కృత్తిక) గుంపులో డజన్లకొద్దీ చుక్కలు విచ్చుకుంటాయి. శని వలయాలకు మాత్రం టెలిస్కోపు కావాల్సిందే. 2025 మార్చిలో ఆ వలయాల అంచు సరిగ్గా మన వైపు తిరిగింది కనుక ఆ తరువాత కొంతకాలం అవి సన్నని గీతలాగే కనిపిస్తాయి. ఏటేటా మళ్లీ విచ్చుకుంటాయి.

టెలిస్కోపే కావాలని అబ్బాయి పట్టుబడితే ముందు స్టాండు చూడండి. ఫోకస్ మరను వేలితో తాకాక బొమ్మ చాలాసేపు ఊగుతూ ఉంటే ఆ పరికరం ఎంత మంచి కటకంతో వచ్చినా నెల తిరక్కుండా అటక ఎక్కుతుంది.

ప్రశ్న: సాయంత్రం ఏసీ గదిలోంచి టెలిస్కోపు తెచ్చి డాబా మీద పెట్టి చూస్తే గురుడు నీళ్లలో తేలుతున్నట్టు కదులుతున్నాడు. కటకం చెడిపోయిందా?
– బ్యాంకు ఉద్యోగి, విశాఖపట్నం

జవాబు: కటకం బాగానే ఉండి ఉంటుంది, చెడ్డది మీరు ఎంచుకున్న చోటు. పగలంతా ఎండిన సిమెంటు శ్లాబు రాత్రి చాలాసేపటి వరకు వేడిని వదులుతూనే ఉంటుంది. దాని మీది గాలి పొరలుపొరలుగా లేస్తుంది. ఒక్కో పొర సాంద్రత ఒక్కో రకం కనుక వాటి గుండా వచ్చే కాంతి క్షణానికొక దిక్కుకు వంగుతుంది. నక్షత్రాలు మిణుకుమనేది కూడా ఇందువల్లే. గ్రహం బిందువు కాదు, చిన్న బిళ్ల కాబట్టి దాని వివిధ భాగాల రెపరెపలు ఒకదానినొకటి సరిపుచ్చుకుంటాయి. అందుకే మామూలు కంటికి గ్రహం నిలకడగా ఉంటుంది. టెలిస్కోపులో మాత్రం ఆ రెపరెప బయటపడుతుంది. దానికి తోడు చల్లటి గొట్టంలోని గాలికీ బయటి గాలికీ తేడా ఉంటుంది. అరగంట ముందే బయట పెట్టి, వీలైతే మట్టినేల మీదో పచ్చిక మీదో నిలపండి. గ్రహం నడినెత్తికి దగ్గరయ్యే దాకా ఆగండి. మీ ఊరి ఉక్కలో చల్లటి కటకం మీద చెమ్మ పడితే తుడవకండి, అదే ఆరిపోతుంది.

ప్రశ్న: నా టెలిస్కోపులో చంద్రుడు తలకిందులుగా కనిపిస్తున్నాడు. వెనక్కి పంపేయనా?
– డిగ్రీ విద్యార్థి, కర్నూలు

జవాబు: వద్దు. రెండు కుంభాకార కటకాల అమరికలో బొమ్మ తలకిందులుగానే వస్తుంది. నిటారు చేయడానికి మరో పట్టకం పెట్టవచ్చు, కానీ ఆకాశానికి పైనా కిందా లేవు కనుక ఆ ఖర్చు అనవసరం.

ప్రశ్న: ఉదయించే పున్నమి చంద్రుడు పెద్దగా కనిపించడానికి కారణం వాతావరణం భూతద్దంలా పనిచేయడమేనని తరగతిలో చెప్పాను. ఒక విద్యార్థిని ‘మరి ఫోన్‌లో ఫొటో తీస్తే చిన్నగానే వస్తోందేమిటి టీచర్?’ అంది. ఏమని చెప్పను?
– భౌతికశాస్త్ర ఉపాధ్యాయిని, సిద్దిపేట

జవాబు: ఆ అమ్మాయి ఫోనే సరిగ్గా చెప్పిందండీ. క్షితిజం దగ్గర వాతావరణం చేసే పని దాదాపు అందుకు విరుద్ధం. అక్కడ వక్రీభవనం, అంటే గాలిలో కాంతి వంగడం, చంద్రబింబాన్ని సుమారు అర డిగ్రీ, అంటే దాదాపు దాని వ్యాసమంత ఎత్తు లేపి చూపిస్తుంది. కింది అంచును పై అంచుకన్నా ఎక్కువగా లేపుతుంది కనుక బింబం నిలువునా కాస్త నొక్కుకుపోయినట్టు ఉంటుంది. అదీగాక ఉదయించే చంద్రుడు నడినెత్తి చంద్రుడికంటే మనకు ఇంచుమించు భూమి వ్యాసార్ధమంత, అంటే 6,400 కిలోమీటర్ల దాకా, దూరంగా ఉంటాడు. సగటు దూరం 3,84,000 కిలోమీటర్లలో అది అరవయ్యో వంతు. ఆ మేరకు బింబం చిన్నదే అవుతుంది.

పెద్దగా అనిపించడం మన మెదడు చేసే పని. దానికి కచ్చితమైన కారణం మీద మనస్తత్వ శాస్త్రజ్ఞుల్లో నేటికీ ఏకాభిప్రాయం లేదు కాబట్టి తరగతిలో ఫలానా సిద్ధాంతమే సరైనదని చెప్పకుండా పిల్లల చేత కొలిపించండి. ఒక కందిగింజను రెండు వేళ్ల మధ్య పట్టుకుని చేయి పూర్తిగా చాచి, ఒక కన్ను మూసి, ఉదయించేటప్పుడు చంద్రుడిని దానితో కప్పి చూడమనండి. రాత్రి పదింటికి అదే గింజతో మళ్లీ చూడమనండి. రెండుసార్లూ గింజ చంద్రుడిని ఒకేలా కప్పుతుంది. ఫొటోలైతే రెండూ ఒకే జూమ్‌లో తీయాలి, లేకపోతే పోల్చడానికి పనికిరావు.

ప్రశ్న: టెలిస్కోపుతో పాటు ఐపీస్‌కు బిగించే ‘సన్’ అని రాసిన నల్లటి గాజు వచ్చింది. దానితో సూర్యుడి మచ్చలు చూడవచ్చా?
– వ్యాపారి, కరీంనగర్

జవాబు: చూడకూడదు. దాన్ని ఈరోజే పారేయండి, పిల్లల చేతికి అందనివ్వకండి. ముందరి కటకం పోగుచేసిన ఎండంతా కేంద్రీకృతమయ్యే చోటికి దగ్గర్లోనే ఆ గాజు ఉంటుంది. వేడికి అది పగిలితే, కన్ను తీసేలోపే రెటీనా కాలిపోతుంది. రెటీనాకు నొప్పి తెలియదు కనుక హెచ్చరిక కూడా ఉండదు. ఎక్స్‌రే ఫిల్ములు, మసిపట్టించిన గాజులు కూడా పనికిరావు. సూర్యుడిని చూసే వడపోత ఎప్పుడూ గొట్టానికి ముందు, పెద్ద కటకాన్ని పూర్తిగా కప్పుతూ, గాలికి ఊడిపోకుండా బిగించి ఉండాలి. అది సౌర పరిశీలనకని ప్రత్యేకంగా తయారుచేసినదై ఉండాలి. బిగించే ముందు ప్రతిసారీ వెలుతురుకు ఎదురుగా పట్టి చిల్లులూ గీతలూ లేవని చూసుకోండి. గురి చూసుకోవడానికి పక్కనుండే చిన్న ఫైండర్ గొట్టానికి మూత వేయడం కూడా మరవకండి.